తేడా రాని ఇరవయ్యేడేళ్ళు

కిందటి వారం నాగేశ్వరిని గేట్ బజార్‌లో ప్రింటరు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటికే ఆవిడ కాళ్ళు లాగుతున్నాయి. మర్నాడు పొద్దున్న గంజాం నుంచి బరంపురం వచ్చే బస్సులో ఆవిడకి కిటికీ పక్క సీటు దొరికింది. అంచేత ఈ వారం కథ ఆవిడ కూర్చుని ఉండగానే మొదలుపెట్టుకోవచ్చు.

ఒళ్ళో సంచి ఉంది. సంచిలో పదకొండు కాయితాలున్నాయి.

సంగతి మరిచిపోయిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. శ్రీకూర్మ వస్త్ర భండార్ అనే టోకు బట్టల కొట్టులో లెక్కల గది మేడ మీద ఉంటుంది. అందులో ఇద్దరే మనుషులు. బీకాం చదివి కంప్యూటరు దగ్గర కూర్చునే నాగేశ్వరి ఒకరు. ఎర్ర అట్ట చిట్టాలో ఏ రోజు నగదు ఆ రోజు చేత్తో రాసే కూర్మారావు ఇంకొకరు. ఆయనకి యాభై తొమ్మిదేళ్ళు, పాత్రపూర్ దగ్గర పల్లెటూరు, ఆ కుర్చీలో కూర్చుని ఇరవయ్యేడేళ్ళయింది. షావుకారు కొండబాబు నెల కిందట కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చాడు. బిల్లు ఫొటో తీస్తే అదే చదువుకుంటుంది, బ్యాంకు స్టేట్‌మెంటు అదే సరిచూసుకుంటుంది, జీఎస్‌టీ రిటర్ను అదే తయారుచేస్తుంది. గల్లాపెట్టె పక్కన నోట్లు లెక్కపెట్టే మిషను పెట్టి దాన్ని కూడా ఇందులోకే కలిపారు. నెలరోజులు పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కనే నడపమని, ఆ తరవాత ఈ గదిలో ఎంతమంది కావాలో ఒక్క పేజీలో రాసి శుక్రవారం పదింటికల్లా ఇమ్మని కొండబాబు నాగేశ్వరికి చెప్పాడు. రాసేది ఆవిడ. ఉండాలో పోవాలో తేలవలసింది కూర్మారావు.

నెల నిన్నటితో అయింది. పదకొండు రోజులు మిషను లెక్కా కూర్మారావు చిట్టా కలవలేదు.

ఇవాళ గురువారం.

ఛత్రపురం దాటాక బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డంపడిందట. వాన రాని జూన్ నెల, కిటికీలోంచి వచ్చే గాలి కూడా ఎవరో వాడి పారేసినట్టుంది. నాగేశ్వరి కుడి మణికట్టుకి కట్టుకున్న పట్టీ విప్పి, చెమట తుడిచి, మళ్ళీ కట్టుకుంది. పదిహేనేళ్ళుగా రోజుకి మూడొందల బిల్లులు కొట్టిన చెయ్యి అది. కలలో కూడా అంకెలే వస్తాయి. ఒకసారి నిద్దట్లో "ఐదు శాతం" అని గట్టిగా అరిస్తే, మొగుడు రామం లేచి కూచుని "ఏమిటే, జ్వరమా?" అన్నాడు.

రామం గంజాం బడిలో లెక్కల మేష్టారు. పొద్దున్న కేరేజీ ఆయనే కట్టాడు. బస్సు కదిలేదాకా ఏం చెయ్యాలో తోచక నాగేశ్వరి పైగిన్నె మూత తీసి చూసింది. మామిడిపండు ముక్కలు. ముక్కల పక్కన, విడిగా ఇంకో చిన్న గిన్నెలో, టెంక. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆవిడకి టెంకంటే ఉన్న పిచ్చి ఆయన మరిచిపోలేదు. లెక్కల మనిషి కదా, కొంచెం కండ కూడా దానికే మిగిల్చాడు. నాగేశ్వరికి నవ్వొచ్చింది. నలుగురున్న బస్సులో, పూర్తి ఉద్యోగస్తురాలి ముఖం పెట్టుకుని, టెంక మొత్తం చీకేసింది. మోచేతిదాకా రసం కారింది. ఆ ఐదు నిమిషాలూ మణికట్టు నొప్పి పుట్టలేదు.

తరవాత బస్సు కదిలింది, నొప్పీ వచ్చింది.

*

గేట్ బజార్‌లో కొట్లు తెరిచే ముందు లెక్కల వాళ్ళంతా ఒక టీ బడ్డీ దగ్గర నిలబడతారు. ఆ వేళ అక్కడ ఇద్దరున్నారు. పప్పుల కొట్లో లెక్కలు రాసే మసేను, స్టీలు సామాన్ల కొట్లో కంప్యూటరు దగ్గర కూర్చునే కామాక్షి. కామాక్షికి పెళ్ళయి మూడు నెలలు. జడలో మల్లెపూలు ఇంకా నిన్నటివి.

"ఏటక్కా, మీ కొట్లో మిషను పాసయిందా?" అన్నాడు మసేను. "మా షావుకారు కూడా అడుగుతున్నాడు. నాను ఒకటే సెప్పినాను. బాబూ, మిషనుకి బోనసు అక్కర్నేదు. పెళ్ళానికి ఒంట్లో బాగు నేదని సెలవడగదు. టీ తాగదు. నాను షావుకారునయితే బేగి నన్నే తీసీసి దాన్ని తెచ్చుకుందును."

"అలా ఎవడైనా చెప్తాడా అన్నా?" అంది కామాక్షి.

"నిజం సెప్తే నవ్వీసి మరిసిపోతాడు. అబద్ధం సెప్తే ఆలోసిస్తాడు. ఆడు ఆలోసించకుండా సూసుకోవాల మనం."

కామాక్షి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఊదుకుంటూ అంది. "నాకైతే రావాలక్కా మిషను. ఎనిమిదింటికి ఇంటికెళ్తున్నాను. నా మొగుడి ముఖం ఇంతవరకూ ట్యూబులైటు కిందే చూశాను. ఐదింటికి వదిలితే ఎండలో ఎలా ఉంటాడో చూసుకుంటాను."

మసేను టీ గొంతులో అడ్డుపడి దగ్గాడు. "ఎండలో సూసి బెదిరిపోతావేటో!"

"బెదిరినా నా మొగుడే కదా!"

నాగేశ్వరి కూడా నవ్వింది గాని గ్లాసు సగంలోనే పెట్టేసింది. మసేను అది చూశాడు. ముఖంలో వేళాకోళం తగ్గింది.

"అక్కా, కూర్మారావు బాబాయ్ సంగతేటి?"

"రేపు పదింటికి రాసివ్వాలి."

"నువ్వా రాయాల?"

"నేనే."

మసేను ఆవిడ టీ డబ్బులు తనే ఇచ్చేశాడు. చావింటికి వచ్చిన వాళ్ళతో నడుచుకునే పద్ధతి అది. నాగేశ్వరికి తెలిసింది.

*

కొట్లో అడుగుపెట్టేసరికి కొండబాబు ఫోన్లో "హఁ ఆజ్ఞా... హఉ, హఉ" అంటూ ఎవరో ఒడియా బేరగాడికి సర్దిచెప్తున్నాడు. గల్లాపెట్టె ముందు ఆయన తల్లి ఈశ్వరమ్మ, ముక్కు చివర కళ్ళద్దాలతో, ఒళ్ళో వక్కల డబ్బాతో కూర్చుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ పెట్టె ఆవిడదే. పక్కన బిల్లులు రాసే పిల్ల సీతాలు.

"చెమట తుడుచుకో తల్లీ, పసుపు కారుతోంది," అంది ఈశ్వరమ్మ.

కొండబాబు ఫోను పెట్టి మెట్ల దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఆ మిషను నాక్కూడా పంపింది. ఫోనుకి. పదకొండు తప్పులట."

"తప్పులో కాదో ఇంకా చూడలేదు బాబూ. తేడాలు."

"ఏదైతేనేం. కూర్మారావు మావయ్యని నేనేమీ అనలేను. కాలేజీలో చేరినప్పుడు నాకు చిట్టా రాయడం నేర్పింది ఆయనే. మీరు రాసేయండి. కింద నేను సంతకం పెడతాను."

అంటే బరువు మీరు మొయ్యండి, తలుపు నేను తీస్తాను అని. పదిహేనేళ్ళుగా నాగేశ్వరి ఈ కుర్రవాడి మంచితనం చూస్తూనే ఉంది. నలభై నాలుగేళ్ళొచ్చినా అది పెరగలేదు. ఇనప రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది.

కూర్మారావు అప్పటికే చొక్కా గుండీ విప్పుకుని, చిట్టా తెరిచి, తలొంచుకుని రాసుకుంటున్నాడు. కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు వంచి, ఆవిడ బల్ల మీద పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఇది రోజూ ఉండేదే. ఇవాళ ఆవిడ ఆ గ్లాసు ముట్టుకోకుండా కంప్యూటరు ఆన్ చేసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఇద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఆ వేళకి నాగేశ్వరి పదకొండు కాయితాలూ రెండుసార్లు చూసింది. మొదటిసారి కనపడనిది రెండోసారి కనపడింది. లేచి వెళ్ళి ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూచుంది.

"బాబాయ్, ఒక మాట."

"సెప్పమ్మా."

"సాయంత్రం నువ్వు పెట్టె లెక్కపెట్టే ముందు, కింద మిషను ఒకసారి లెక్కపెడుతోంది. ఆ అంకె దానంతటదే కంప్యూటర్లోకి వస్తోంది. నీకు తెలుసా?"

కూర్మారావు కలం ఆగింది. "నోట్లు లెక్కెడతాదని తెలుసు. సెప్తాదని తెల్దు."

"పదకొండు రోజులు దాని అంకె వేరు, నీ చిట్టాలో అంకె వేరు."

"మిషను తప్పు లెక్కెట్టినాదేమో. నలిగిన నోట్లు."

"నేనూ అదే అనుకున్నాను. కాని నువ్వు రాసినంతా బ్యాంకులో పడింది. పైసాతో సహా. మిషను లెక్క తక్కువ, నీ లెక్క ఎక్కువ. పదకొండు రోజులూ అంతే." నాగేశ్వరి గొంతు తగ్గించింది. "కింద నుంచి పైకి వచ్చేసరికి డబ్బు తరిగితే దొంగతనం అంటారు. పెరిగితే ఏమంటారు బాబాయ్?"

ఫ్యాను మూడు చుట్లు తిరిగి ఒకసారి కిర్రుమంటుంది. అది రెండుసార్లు కిర్రుమంది.

తరవాత ఆయన బల్ల సొరుగు లాగి లోపలినుంచి ఒక బిస్కెట్ల రేకుడబ్బా తీశాడు. మూత తీస్తే చిల్లర. పదులు, ఇరవైలు, కొన్ని యాభైలు.

"పెద్దాయన పెట్టిన రూలు నీకు తెలుసు గదా," అన్నాడు.

తెలుసు. బజార్లో అందరికీ తెలుసు. కొట్టు పెట్టిన పెద్ద షావుకారు ఒక నియమం పెట్టాడు. సంధ్యవేళ కొట్టులో లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టేముందు ఆ రోజు నగదు లెక్క తేలాలి. మేడ మీదనుంచి గుమస్తా "తేలింది" అని కేకవెయ్యాలి. ఆ కేక వినపడ్డాకే కింద ఈశ్వరమ్మ అగ్గిపుల్ల గీస్తుంది. తేడాతో దీపం పెడితే కొట్టుకి అరిష్టమని ఆయన నమ్మకం.

"మొదటి నెల్లో మూడు రూపాయిల పావలా తేడా ఒచ్చినాది," అన్నాడు కూర్మారావు. "ఎనిమిదయినా తేల్నేదు. దీపం నేదు. కొట్టు కట్టడానికి నేదు. పెద్దాయన గల్లా ముందు అన్నం తినకుండా కూసున్నాడు. పనోళ్ళందరూ నన్నే సూస్తన్నారు. ఆకరికి నా జేబులోంచి మూడుంపావలా పెట్టీసి తేలిందనీసినాను. దీపం ఎలిగినాది. అప్పుడు నాకర్థమైనాది, ఇది ఎంత సులువో."

"అప్పట్నుంచీ?"

"ఎక్కువొస్తే డబ్బాలో ఏస్తాను. తక్కువొస్తే డబ్బాలోంచి తీస్తాను. నా కొంపకి ఒక్క పైసా ఒట్టుకెళ్ళనేదు నాగేశ్వరమ్మా. డబ్బాలో ఉన్నది ఇప్పుడే లెక్కెట్టుకో."

"లెక్కపెట్టను. నీమీద అనుమానమైతే నీ ఎదురుగా కూచోను." నాగేశ్వరి కాయితాల్లోంచి నాలుగు విడదీసి బల్లమీద పరిచింది. "డబ్బా సంగతి ఏడు రోజులది. పది, ముప్పై, నలభై. చిల్లర పొరపాట్లు. ఇవి నాలుగూ చూడు. అయిదొందలు. అయిదొందలు. అయిదొందలు. అయిదొందలు. డబ్బాలో ఇంత ఉండదు. నాలుగూ గురువారాలే."

కూర్మారావు ఆ నాలుగు కాయితాలనీ చూడలేదు. ఎండలో తారు కరిగి మెరుస్తున్న బజారుని కిటికీలోంచి చూశాడు.

"నీ జీతం పద్నాలుగు వేలు," అంది నాగేశ్వరి. "నెలకి రెండు వేలు పెట్టెలో పోస్తున్నావు. ఎవరికోసం?"

"ఒగ్గీమ్మా."

"ఎలా వదిలెయ్యను? సీతాలు తీస్తోందా?"

"ఆ గుంట పేరెత్తకు!" అన్నాడు కూర్మారావు. ఇరవయ్యేడేళ్ళలో ఆ గదిలో ఆయన గొంతు లేవడం అదే మొదలు. తనకి తనే బెదిరినట్టు మళ్ళీ తగ్గించాడు. "ఎవరి పేరూ ఎత్తకు."

అంత కోపం వచ్చిందంటే సీతాలే అయి ఉంటుంది, అనుకుంది నాగేశ్వరి. దాంతో ఆవిడకీ కోపం వచ్చింది. అలిసిపోయిన వాళ్ళ కోపం అరుపులా రాదు, మెల్లిగా వచ్చి కూచుంటుంది.

"బాబాయ్, నేను చెప్పేది విను. ఈ మిషను నాకు కావాలి. నిజంగా కావాలి. ఈ చెయ్యి చూడు, కూరగిన్నె దింపలేకపోతున్నాను. పద్దెనిమిదో తారీకు వచ్చిందంటే రిటర్ను భయంతో అన్నం సయించదు. బిల్లు మీద ఉన్న అంకెని చూసి కంప్యూటర్లో కొట్టడానికి మనిషెందుకు? అది చెయ్యనీ. మనం తేడా ఎక్కడొచ్చిందో చూద్దాం. అది కదా లెక్కలవాళ్ళ పని? నువ్వు ఆ పనే చెయ్యలేదు. లెక్క తేల్చలేదు నువ్వు. దాని నోరు మూశావు."

మాట అనేశాక ఆవిడకి నాలుక కరుచుకోవాలనిపించింది. కాని కూర్మారావు తల ఊపాడు.

"నిజమే. మూసినాను." రేకుడబ్బా మూత పెట్టాడు. "మిషను మంచిదేనమ్మా. నాకు దానిమీద కోపం నేదు. తేడా పట్టుకుంటాది. నాను దాన్ని పట్టుకోనేక కాదు, పట్టుకుని ఏటి సెయ్యాలో తెలక ఒగ్గీసినాను. నాకు ముందు ఈ కుర్సీలో ఎవరు కూసునీవోరో తెలుసా?"

"తెలీదు. నేను రాకముందు సంగతి."

"దేముడు గారని. నాకంటే దొడ్డ లెక్కల మనిసి. ఆయన ఒకరోజు తేడా రాసినాడు. పద్దెనిమిది వందలు. దాసకుండా, ఉన్నదున్నట్టు రాసినాడు. మర్నాటికి కుర్సీ కాళీ. వారం తిరక్కుండా ఆ కాళీలో నాను. తేడా అంటే అంకె కాదమ్మా ఈ కొట్లో. మనిసి. రాస్తే ఎవరో ఒక మనిసి ఎల్లిపోవాల."

"రాయకపోతే ఇప్పుడు నువ్వు వెళ్ళిపోతున్నావు."

"ఎల్లడానికి నాకేటి బాధ నేదు. మోకాళ్ళు ఈ మెట్లెక్కనేకపోతన్నాయి. రేపొద్దున్న సెలవంటే కండువా దులుపుకుని ఎల్లిపోతాను." ఆయన ఎర్ర అట్ట చిట్టాని అరచేత్తో రాశాడు, పిల్లవాడి వీపు రాసినట్టు. "తేడాతో ఎల్లమనకు. ఆ ఒక్కటీ రాయకు నా తల్లి. ఒయిసయిపోనాది, కళ్ళు కనిపించటం నేదు, అక్కర్నేదు అని రాసీ. తేడా అని మాత్రం రాయకు."

నాగేశ్వరి తన బల్ల దగ్గరికి వచ్చి కూచుంది. తెల్లకాయితం తీసి పైన తారీకు వేసింది. అక్కర్లేదని రాస్తే అబద్ధం. తేడాలున్నాయని రాస్తే నిజం, కాని ఆ నిజం చదివినవాడికి దొంగ అనే అర్థమవుతుంది. ఆయన జేబులోంచి పెట్టాడని రాస్తే, ఎవరు తీశారని అడుగుతారు. మూడు వాక్యాలూ మొదలుపెట్టి మూడూ కొట్టేసింది. నాలుగింటికి కింద కరెంటు పోయి జనరేటరు మోత మొదలైంది. ఎవరో కిందనుంచి నిమ్మకాయ పిండిన సోడా పంపారు. చల్లగా, ముక్కులోకి చిమ్మేంత గ్యాసుతో. ఒక్క గుక్క తాగి ఆవిడ అబ్బా అంది. ప్రపంచంలో ఇంకా సోడా ఉంది అనుకుంది. తరవాత మళ్ళీ కాయితం చూసింది.

*

ఆరు కాకముందే సీతాలు పెట్టె తెచ్చి బల్లమీద పెట్టి దిగిపోయింది.

కూర్మారావు వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. నగదు బిల్లుల మొత్తం నలభై ఒక్క వేల రెండొందల అరవై. పెట్టెలో ఉన్నది నలభై వేల ఏడొందల అరవై.

చొక్కా జేబులోంచి నాలుగు మడతల అయిదొందల నోటు తీశాడు. పొద్దున్నే ఇంటిదగ్గర మడతపెట్టి తెచ్చుకున్నది.

నాగేశ్వరి లేచి వచ్చి పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయ్, కింద మిషను ఇందాకే చెప్పేసింది. నలభై వేల ఏడొందల అరవై. ఆ అంకె ఈపాటికి కొండబాబు ఫోన్లో ఉంది. నువ్వు ఈ నోటు పెట్టి తేలిందని కేక వేశావంటే ఇది పన్నెండోది. రేపు నేనేం రాసినా నిన్ను కాపాడలేను."

కూర్మారావుకి అప్పుడే పూర్తిగా అర్థమైంది. ఇరవయ్యేడేళ్ళుగా పెట్టెకీ చిట్టాకీ మధ్య ఉన్న పన్నెండు మెట్ల చోటు, తాను ఒక మనిషిని దాచుకోగలిగిన చోటు, ఇక లేదు.

"ఆలిస్యం అవుతోంది కూర్మారావూ!" కిందనుంచి ఈశ్వరమ్మ పిలుపు.

ఆయన నోటు మళ్ళీ మడతపెట్టి జేబులో వేసుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. రెయిలింగు దాకా నడిచాడు. నాగేశ్వరి వెనకాలే వెళ్ళింది. కింద బట్టల బేళ్ళు సర్దే వాళ్ళు చేతులు ఆపారు. సీతాలు బిల్లు పుస్తకం మూసింది. పటం ముందు ఈశ్వరమ్మ అగ్గిపెట్టె పట్టుకుని తలెత్తి చూస్తోంది. కొండబాబు ఫోన్లోంచి తలెత్తలేదు.

కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"తేల్నేదు," అన్నాడు.

మొదట ఎవరికీ ఆ మాట చెవికెక్కలేదు. ఆయన మళ్ళీ అన్నాడు. "తేల్నేదమ్మా. తేడా ఉన్నాది."

కొండబాబు ఫోను దించాడు. ఫోన్లో అంకె చూస్తూనే ఉన్నాడు, అయినా నలుగురి ముందూ ఆయన నోటే చెప్పించాలని అడిగాడు.

"ఎంత మావయ్యా?"

కూర్మారావు జేబులో నోటు మీద చెయ్యి పెట్టుకున్నాడు. సీతాలు ముఖంలో రక్తం లేదు. ఇక తనే చెప్పేద్దామని నాగేశ్వరి ముందుకి వంగింది.

"అయిదొందలు," అంది ఈశ్వరమ్మ.

అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆవిడ అగ్గిపెట్టె గల్లాబల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుంటోంది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు కొండబాబు. "మిషను నాకే కదా పంపింది?"

"నేను తీశాను కనక తెలుసు. ప్రతి గురువారం తీస్తాను. కూర్మారావు పూడుస్తున్నాడని తెలిసీ తీశాను. ఆ పాపం వేరే ఉంది." ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. "వెనక గుమ్మం దగ్గర బుల్లమ్మని ఒకావిడ నిలబడి ఉంటుంది చూడు. లోపలికి తీసుకురా. దేముడు గుమస్తా పెళ్ళాం. ఆ డబ్బు ఆవిడకే. మీ నాన్న పద్దెనిమిది వందల తేడాకి ఆయన్ని గెంటేస్తే, మళ్ళీ ఈ బజార్లో ఎవరూ ఆయన చేతికి కలం ఇవ్వలేదు. బెంగతో పోయాడు."

"అది ఎప్పటిదో అమ్మా. ఇప్పుడెందుకు?"

"ఇప్పుడూ ఒక గుమస్తాని తేడాకే పంపబోతున్నావు కనక." ఈశ్వరమ్మ మేడ మీదకి చూసి, "నాగేశ్వరీ, నువ్వు రేపు రాసే పేజీకి ఇది కూడా కావాలి, విను తల్లీ" అంది. తరవాత కొడుకు ముఖంలోకి చూసింది. "దేముడు లెక్క తప్పు రాయలేదు. ఆ వేళ గల్లాపెట్టెలో పద్దెనిమిది వందలు నిజంగానే తక్కువ. తీసిన చెయ్యి ఎవరిదో నేను చూశాను కొండా. అప్పుడు నీకు పదిహేడేళ్ళు."